క్రేన్ ఒక్కటే, అడిగేవాళ్లు ముగ్గురు: ఎవరిని ముందు దింపాలి?

మీరు బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో ఫ్రేములు చేయించి, సూక్ష్మ కణాలను పట్టే డిటెక్టర్‌ని అమర్చే భూగర్భ గుహకు పంపుతున్నారు. అక్కడ ఫ్రేములు, గ్యాసు పైపులు, కేబుళ్లు వేసే మూడు బృందాలూ ఒకే వారంలో ఒకే క్రేన్ అడుగుతున్నాయని రాశారు.

బృందాలవారీగా వేసిన ఆ షెడ్యూలు పక్కన పెట్టేయండి. కొరత మనుషులకు కాదు, గుహలోకి దింపే నిలువు బావిలాంటి షాఫ్టుకీ క్రేన్‌కీ. ముందు క్రేన్ గంటల పట్టిక రాసి, మిగతా పనులు దాని చుట్టూ అమర్చండి. బరువు వేలాడుతున్నంతసేపూ కింద ఎవరూ ఉండకూడదు కాబట్టి, ఆ గంటల్లో కేబుళ్లవాళ్లకు గుహ మరో మూలన పని చూపించాలి.

వెల్డింగూ గ్రైండింగూ ముగిశాకే గ్యాసు లోపలికి రానివ్వండి. మీవి ఆర్‌పీసీ (రెసిస్టివ్ ప్లేట్ ఛాంబర్) అనే గ్యాసు నింపే రకం డిటెక్టర్లైతే ఆ గ్యాసు మిశ్రమంలో ఐసోబ్యుటేన్ అనే మండే వాయువు ఉంటుంది, దాని సిలిండర్ల దగ్గర నిప్పురవ్వ పడితే ప్రమాదం. దుమ్ము లేచే పనులన్నీ కూడా అప్పటికే అయిపోవాలి.

అసలు మందు మాత్రం పైనే ఉంది. జెనీవా దగ్గరి కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో సీఎంఎస్ అనే భారీ డిటెక్టర్‌ని నేలమీదే కట్టి, 15 పెద్ద ముక్కలుగా సుమారు 100 మీటర్ల లోతుకు దింపారు. 2007 ఫిబ్రవరిలో దిగిన అతి బరువైన ముక్క దాదాపు 2,000 టన్నులు! మీరూ ఒక్క ఫ్రేమునైనా పీణ్యలోనే పైపులతో, కేబుల్ ట్రేలతో సహా పూర్తిగా బిగించి చూడండి. బోల్టు రంధ్రం కలవకపోతే ఇక్కడ గంట పని, గుహలో వారం ఆలస్యం.

మన పక్కనే కోలార్ గనుల్లో రెండు కిలోమీటర్లకు పైగా లోతున 1965లో న్యూట్రినో అనే సూక్ష్మ కణం జాడ పట్టారు. మీ పని ఆ కోవలోదే, జాగ్రత్తగా చేయండి. షాఫ్టు కొలతలు, క్రేన్ సామర్థ్యం పెడితే పట్టిక కలిసి వేద్దాం.