తెర మీద నేర్చిన పోకర్

ప్రశ్న: ఎదుటివాడి ముఖం చదవడం రాని ఆన్‌లైన్ పోకర్ ఆటగాళ్లు పెద్ద టోర్నమెంట్లలో నిలవలేరని మా ఊళ్లో పేకాట తెలిసిన పెద్దలు అంటున్నారు. నిజమేనా? - ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: కాదండి. 2003లో లాస్ వేగాస్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీకి ఆన్‌లైన్ అర్హత పోటీ ద్వారా వచ్చిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు, 839 మందిలో విజేతగా నిలిచి 25 లక్షల డాలర్లు గెలుచుకున్నారు. చివర్లో ఎదురుగా కూర్చున్నది చేయి తిరిగిన సామీ ఫర్హా. ఒక ఆటలో, జత కూడా పడని ముక్కలతోనే మనీమేకర్ తన చిప్స్ (పందెం బిళ్లలు) అన్నీ ముందుకు నెట్టేయగా, అంతకన్నా బలమైన తొమ్మిదుల జత పడిన ఫర్హా చాలాసేపు ఆలోచించి, ఓటమి ఒప్పుకుని ముక్కలు పడేశారు. ముఖం చదవడం గొప్ప విద్యే, కాదనను. కానీ ఒకేసారి పలు బల్లల మీద ఆడే ఆన్‌లైన్ ఆటగాడికి, పాతకాపులు ఏళ్ల తరబడి చూసినన్ని పంపకాలు కొద్ది నెలల్లోనే అనుభవంలోకి వస్తాయి. మన దేశంలో మాత్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 నాటి చట్టం నిషేధించింది.