పొద్దున పొలాలు, తర్వాత ఓడరేవు

ప్రశ్న: సెలవులకి మా చెల్లెలి పిల్లలు వస్తున్నారు. పెద్దదానికి పదకొండేళ్లు, చిన్నవాడికి ఎనిమిది. ఒకే రోజులో పల్లె, ఓడరేవు రెండూ చూపిద్దామంటే, రేవులో విసుగేనంటున్నారు మావారు. ఏం చేయమంటారు?

జవాబు: విసుగా? ఓడ పక్కన నిలబడ్డాక ఆయనే కదలరు, చూడండి! ఎండ ముదరకముందే పొలాలు కానిచ్చేయండి. అక్కడ మీరు చూపించేదేం ఉండదు, గట్ల మీద వదిలేస్తే చాలు. రేవు సంగతి వేరు. అనుమతి లేనిదే లోపలికి పోనివ్వరు, ముందే కనుక్కోండి.

ఓడ పక్కభాగం మధ్యలో ఒక వలయం, దానికి అడ్డంగా గీత ఉంటుంది. వేసవి సముద్రంలో ఆ గీత మునిగేలా సరుకు ఎక్కించకూడదు. పక్కనే మెట్లలా ఇంకొన్ని గీతలు: టీ అంటే ఉష్ణమండలం, ఎస్ వేసవి, డబ్ల్యూ చలికాలం. చలికాలపు సముద్రం మొండిది, అందుకే ఆ గీత కిందికి ఉంటుంది. బ్రిటన్ 1876లోనే ఈ గుర్తును చట్టంలో పెట్టింది. పెద్దదానిచేత చదివించండి. అడుగున ఎరుపెందుకని చిన్నవాడు అడగొచ్చు. నాచు, గుల్లలు పట్టకుండా వేసే రంగులో ఎర్రటి రాగి ఆక్సైడ్ కలిపేవారు, ఆ ఎరుపే అలవాటైపోయింది.

ఓడను కట్టిన మోకుల దగ్గర మాత్రం ఎవరినీ నిలబడనివ్వకండి. బిగువు మీద తెగితే కొరడాలా వెనక్కి కొడతాయి. ఫొటోల కోసం ముందుకెళ్తే మీవారికీ ఇదే మాట.