లెక్క అడిగితే విశ్వాసం లేనట్లేనా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. నరసాపురం దగ్గర పల్లెటూరు. తాతగారి కాలంలో మాది బ్రదరన్ సహవాసం, అంటే ప్రత్యేకంగా గురువు లేకుండా విశ్వాసులే కలిసి నడుపుకునే క్రైస్తవ శాఖ. ఇప్పుడు ఇంటిల్లిపాదీ ఊళ్లోని ఒక స్వతంత్ర సంఘానికి వెళతారు. మందిరం శ్లాబుకు వసూలైన డబ్బుకు లెక్కలు చూపమని అడిగాను. దైవసేవకుణ్ణి ప్రశ్నించడం పాపమన్నారు. వెళ్లడం మానేశాను. మతం పేరుతో నడిచే ఏ వ్యవస్థ మీదా ఇప్పుడు నాకు నమ్మకం లేదు. అమ్మ మాత్రం ప్రతి ఆదివారం కానుక కవరు మీద నా పేరు రాసి వేస్తోంది. అందరి ముందు క్షమాపణ చెప్పకపోతే చెల్లెలి పెళ్లి జరిపించనని పాస్టరుగారు కబురు పంపారు. ఏం చేయను?

జవాబు: మీతో ఉన్న తగాదాకు మీ చెల్లెలి పెళ్లిని తాకట్టు పెట్టారు. దీన్ని బెదిరింపు అనే అంటాను, ఇంట్లో కూడా మీరు ఆ మాటే అనండి. ఈసారి లొంగితే రేపు బిడ్డను దేవునికి ప్రతిష్ఠించడానికి, ఎల్లుండి ఇంట్లో పెద్దల భూస్థాపనకు ఇదే షరతు మళ్లీ వస్తుంది.

పెళ్లి ఆయనొక్కరి చేతిలో లేదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న మరో పాస్టరుగారు జరిపించవచ్చు, వివాహ రిజిస్ట్రారు ఎదుటా చేసుకోవచ్చు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కూడా ఉంది, దానికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పాలకొల్లులోనో భీమవరంలోనో ఒక పాస్టరుగారితో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. మరో దారి ఉందని తెలిస్తే మీ ఇంట్లో సగం భయం పోతుంది.

ఇక ఆ కవరు. అమ్మగారు అందులో వేసేది యాభయ్యో వందో కావచ్చు. కొడుకు పేరు పట్టీలోంచి ఇంకా పోలేదన్న ధీమా కోసం వేస్తున్నారావిడ. జ్వరమొస్తే ఇంటికొచ్చి ప్రార్థన చేసేవాళ్లు, స్త్రీల సమాజంలో పక్కన కూర్చుని కష్టం వినేవాళ్లు, గోదావరి పొంగితే అన్నం గిన్నెతో వచ్చేవాళ్లు, అందరూ ఆ మందిరంవాళ్లే. మీరు వ్యవస్థ అంటున్నది ఆవిడకు ఇరుగూ పొరుగూ. అక్కడి నుంచి ఆవిడను బయటకు లాగాలని చూడకండి. నా పేరు రాయవద్దమ్మా అని ఒక్కసారి మెల్లగా చెప్పండి. వినకపోతే వదిలేయండి, ఆ కవరు కోసం ఆవిడతో పోట్లాడవద్దు.

తాతగారి సంగతి మాత్రం ఆవిడకు తప్పక గుర్తు చేయండి. 1836లో మన దేశానికి వచ్చి నరసాపురం ప్రాంతంలో పని మొదలుపెట్టిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ బ్రదరన్ వారు. వాళ్లను తీసుకొచ్చిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ దంతవైద్యుడు. అభిషేకం పొందిన గురువు లేకుండానే విశ్వాసులు కలిసి ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరవవచ్చని నమ్మిన మనిషి. గురువుల పెత్తనం మాకెందుకన్న మాట మీ ఇంట్లో మీతో మొదలు కాలేదు. మామగారి విశ్వాసంగా చెబితే ఆవిడ చెవిన పెడతారు.

మీ సందేహాన్ని నేను తీర్చబోను, ఖండించబోను. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించి వెలి బాధలు పడ్డారు, అయినా దేవుణ్ణి వదల్లేదు. గోరా (గోపరాజు రామచంద్రరావు) తన నాస్తికత్వం వల్ల 1933లో కాకినాడలో అధ్యాపక ఉద్యోగం పోగొట్టుకున్నారు. మతపెద్దలకు ఎదురు నిలిచిన ఈ ఇద్దరూ విశ్వాసం దగ్గర చెరో దారి పట్టారు. మీ దారి ఏదో ఈ నెలలోనే తేల్చుకోనక్కర్లేదు. గుడి కమిటీల లెక్కల గురించి ఇలాంటి ఉత్తరాలే నాకు హిందూ కుటుంబాల నుంచీ వస్తాయి. లెక్క అడిగినవాణ్ణి పాపి అనడం ఎక్కడైనా అన్యాయమే. సంఘం సొసైటీగా నమోదై ఉంటే 2001 నాటి చట్టం ప్రకారం లెక్కలు సభ్యుల ముందు పెట్టాలి. పెళ్లయ్యాక, మీలాగే అడగాలనుకునే మరో నలుగురితో కలిసి రాతపూర్వకంగా అడగండి.

ఇంత రాశారు గానీ మీ ఉత్తరంలో చెల్లెలి మాట ఒక్కటీ లేదు. ముందు ఆమెను అడగండి. ఆ మందిరంలోనే కావాలంటే పాస్టరుగారు గౌరవించే పెద్దమనిషి ఒకరిని పంపి మాట్లాడించండి. క్షమాపణ షరతు తీసేస్తే పెళ్లికి వెళ్లి ముందు వరసలో కూర్చోండి, అందులో మీరు ఓడిపోయేదేమీ లేదు. తీయకపోతే పాలకొల్లు వెళ్లే ముందు పెళ్లికొడుకు ఇంటివాళ్లకు కారణం మీ నోటితోనే చెప్పండి, ఊళ్లోవాళ్ల నోట వాళ్లు వినకూడదు.