కోళ్ల పెంట కుప్పలో అమ్మోనియా ఘాటు: సున్నం మానండి, గడ్డి పెంచండి

లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారం పెంటను కంపోస్టు చేస్తుంటే కళ్లు మండుతున్నాయని, ఇరుగుపొరుగు అభ్యంతరం చెబుతున్నారని, వాసనకు సున్నం చల్లమని కొందరు సలహా ఇచ్చారని మీరు రాశారు. దయచేసి సున్నం చల్లకండి. పశ్చిమ గోదావరి జిల్లాలోని మా ఫారం పెంటను ఆరేళ్లుగా నేనే దగ్గరుండి ఎరువు చేయిస్తున్నాను. మొదటి ఏడాది ఈగలు తగ్గుతాయన్న నమ్మకంతో కుప్ప మీద రెండు బస్తాల సున్నం చల్లించి, మర్నాడు తిరగవేయించబోతే, పారలు పట్టిన ఇద్దరూ కళ్లు తెరవలేక తువ్వాళ్లు ముఖానికి అడ్డం పెట్టుకొని బయటికి వచ్చేశారు. వాళ్ల కళ్లు సాయంత్రం దాకా నీరు కారుతూనే ఉన్నాయి.

అలా ఎందుకు జరిగిందో తరువాత తెలుసుకున్నాను. కోడి రెట్టలో నత్రజని ఎక్కువగా యూరిక్ ఆమ్లం రూపంలో ఉంటుంది. తడి తగిలితే సూక్ష్మజీవులు దాన్ని యూరియాగా, ఆపైన అమ్మోనియంగా మారుస్తాయి. ఆ అమ్మోనియం నీటిలో కరిగి ఉన్నంతసేపు కుప్పలోనే ఉంటుంది కాని, క్షారగుణం పెరిగి, అంటే ఉదజని సూచిక (pH) 8 దాటి, వేడి కూడా 60 డిగ్రీలకు చేరేకొద్దీ వాయువై లేచిపోతుంది. సున్నం ఆ క్షారగుణాన్ని మరింత పెంచుతుంది. మీ ముక్కుకు తగులుతున్న ఘాటు మీ పొలానికి చేరవలసిన నత్రజనే. జాగ్రత్త తీసుకోని కోళ్ల పెంట కుప్పలో అది సగం దాకా పోవచ్చు.

అసలు మందు కర్బనం. సూక్ష్మజీవులకు కర్బనం, నత్రజని 25కు 1 చొప్పున అందితే అవి అమ్మోనియంను తమ శరీరాల్లోకి తీసుకుంటాయి; వట్టి కోళ్ల పెంటలో ఆ నిష్పత్తి 10కి కూడా చేరదు. తాజా పెంటలో నాలుగింట మూడు వంతులు నీరే కాబట్టి, 100 కిలోల పెంటకు 60 కిలోల ఎండు వరిగడ్డిని జానెడు ముక్కలుగా నరికించి కలుపుతున్నాను. దాంతో నిష్పత్తి 20కి దగ్గరవుతుంది, తేమ 50 శాతానికి వస్తుంది, వేరే నీళ్లు చల్లే పని ఉండదు. గడ్డి ఇంతెందుకని మా ఇంట్లోనే అడిగారు. నిజానికి 25 చేరాలంటే పెంటతో సమానమైన బరువు గడ్డి కావాలి. ఊక చవకగా దొరుకుతుంది కదా అని చాలామంది దానితోనే సరిపెడుతున్నారు. ఊక కుప్పలో గాలి ఆడనిస్తుంది కాని, అది చాలా నెమ్మదిగా కుళ్లుతుంది కాబట్టి మొదటి వారంలో అవసరమైన కర్బనాన్ని అందించలేదు.

కుప్ప అడుగున మొక్కజొన్న చొప్పను మూరెడు ఎత్తున పరిచి, పైన బాగా మాగిన పాత ఎరువును జానెడు మందాన కప్పండి. లోపలి నుంచి వచ్చే అమ్మోనియాలో చాలా భాగాన్ని ఆ పొర పట్టి ఉంచుతుంది. మొదటి పది రోజులు కుప్పను కదపకండి, ఎందుకంటే వాయువు ఎక్కువగా పుట్టేది ఆ రోజుల్లోనే, తిరగవేసిన ప్రతిసారీ అది ఒక్కసారిగా బయటపడుతుంది. ఆ తరువాత చల్లని ఉదయం వేళ తిరగవేసి, వెంటనే మళ్లీ కప్పండి.

జిప్సం కూడా పనికొస్తుంది. అందులోని సల్ఫేట్ అమ్మోనియంతో కలిసి అమ్మోనియం సల్ఫేట్‌గా నిలుస్తుంది కాబట్టి 100 కిలోల పెంటకు 5 కిలోలు కలుపుతున్నాను. అయితే వాన నీరు దిగి గాలి ఆడని కుప్పలో ఆ సల్ఫేటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే విషవాయువుగా మారుతుంది కనుక, వర్షాకాలంలో పైన పందిరి లేకపోతే జిప్సం వేయకండి.

ఫలితం చూడటానికి ఒక సులువైన పద్ధతి ఉంది. పసుపులో సున్నం కలిస్తే పారాణి ఎర్రబడినట్టే, అమ్మోనియా తగిలినా పసుపు ఎర్రబడుతుంది. పసుపు నీటిలో ముంచిన తెల్ల కాగితాన్ని తడిగానే ఒక గిన్నె లోపలి అడుగుకు అంటించి, ఆ గిన్నెను కుప్ప మీద పావుగంట బోర్లించండి. కాగితం ఎర్రబడిన చోట మేము మరో గంప పాత ఎరువు వేసి, మర్నాడు మళ్లీ చూస్తాము.