ఎలక్ట్రికల్ వదిలేసి సైబర్ రక్షణలోకి వెళ్లాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. విదేశీ సైబర్ దాడుల నుంచి దేశాన్ని కాపాడే ఉద్యోగమే చేస్తానని పట్టుబట్టింది. అందుకోసం ఈ చదువు ఆపేసి, కంప్యూటర్ సైన్స్‌లో మళ్లీ మొదటి నుంచి చేరతానంటోంది. ఏం చెయ్యమంటారు? - ఒక తండ్రి

జవాబు: ఆపనివ్వకండి. తను అనుకుంటున్న పనికి చేతిలో ఉన్న చదువే సగం దారి.

2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో ఏం జరిగిందో ఆమెను చదవమనండి. ఆ రోజు మూడు విద్యుత్ పంపిణీ సంస్థల మీద దాడి జరిగింది. ఒకచోట ఆపరేటర్లు చూస్తుండగానే తెర మీద మౌస్ బాణం దానంతటదే కదులుతూ సబ్‌స్టేషన్లలో లైన్లకు కరెంటు కలిపే, ఆపే పెద్ద స్విచ్‌లైన బ్రేకర్లను ఆఫ్ చేసుకుంటూ పోయింది. దాదాపు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. ఫిర్యాదు చేద్దామంటే కాల్ సెంటర్ నిండా దొంగ కాల్సే. ఈమెయిల్‌కు జతచేసిన ఒక ఆఫీసు ఫైలు తెరిపించి, నెలల ముందే లోపలికొచ్చి కూర్చున్నారు వాళ్లు. మరి కరెంటు కొన్ని గంటల్లోనే ఎలా వచ్చింది? సిబ్బంది సబ్‌స్టేషన్లకు పరుగెత్తి, బ్రేకర్లను చేత్తో వేశారు. ఏ బ్రేకరు ఏ లైనుదో, ఏది ముందు వెయ్యాలో తెలిసినవాళ్లు ఉండబట్టి సరిపోయింది.

పిల్లలు ఈ ఉద్యోగం అనగానే ఎదురుదాడి ఊహించుకుంటారు. అదీ ఉంది, అమెరికా సైబర్ కమాండ్ లాంటి సైనిక విభాగాలు చేస్తాయి. కానీ ఈ రంగంలో ఎక్కువమంది చేసేది కాపలా. సంస్థలు తమ నెట్‌వర్క్‌లను కనిపెట్టుకోవడానికి వాడే సోలార్‌విండ్స్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో ఒకసారి దొంగ కోడ్ దూర్చారు. ఆ అప్‌డేట్ సుమారు 18,000 సంస్థలకు వెళ్లింది, అందులో ప్రభుత్వ శాఖలూ ఉన్నాయి. 2020 డిసెంబరులో దాన్ని బయటపెట్టింది ఫైర్‌ఐ అనే సైబర్ భద్రతా కంపెనీ. తీగ ఎక్కడ దొరికిందంటే, ఆ కంపెనీ ఉద్యోగి ఒకరి ఖాతాలో, లాగిన్ అయ్యేది ఆయనేనని నిర్ధారించడానికి వాడే ఫోన్లలో రెండోది నమోదైంది. భద్రతా బృందం ఫోన్ చేసి అడిగితే, అది నాది కాదన్నాడు. అంతే, డొంకంతా కదిలింది. చాలా దేశాల్లో సైబర్ దాడులు జరిగితే రంగంలోకి దిగే సెర్ట్ బృందాలున్నాయి. వాటిలో రోజూ జరిగేది ఇలాంటి పనే: కంప్యూటర్లలో ఏం జరిగిందో రాసుకునే లాగ్‌లు చదవడం, తేడా పట్టడం, దెబ్బతిన్నచోటిని మిగతా నెట్‌వర్క్ నుంచి విడదీయడం, బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టడం. ఓపిక లేనివాళ్లకు విసుగు పుట్టే పని, ముందే చెబుతున్నాను.

న్యాయశాస్త్రం చదివినవాళ్లకూ ఇందులో చోటుంది. 2007లో ఎస్టోనియా మీద దాడులు జరిగాక, 2008లో ఆ దేశ రాజధాని టాలిన్‌లో నాటో సైబర్ రక్షణ కేంద్రం వచ్చింది. అంతర్జాతీయ చట్టం ఈ దాడులకు ఎలా వర్తిస్తుందన్న చర్చకు అదొక కూడలి అయింది. మీ అమ్మాయికి అది ప్రస్తుతం అక్కర్లేదు.

ఆమెకు కావలసింది చదువు పక్కనే నెట్‌వర్కింగ్, లినక్స్, కాస్త పైథాన్. తర్వాత సబ్‌స్టేషన్ల లాంటి వాటిని దూరం నుంచి నడిపే స్కాడా వ్యవస్థలు, అక్కడి పరికరాలు మాట్లాడుకునే భాషల్లాంటి మోడ్‌బస్, డీఎన్‌పీ3, ఐఈసీ 61850. సొంత కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపల నడిచే నకలు కంప్యూటర్లు) పెట్టుకుని, వాటి మధ్య నడిచే డేటా ముక్కలను, అంటే ప్యాకెట్లను, వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూడటం అలవాటు చేసుకోవాలి. కంప్యూటర్లు తెలిసి, లైనులో తేడా వస్తే బ్రేకరును ఆఫ్ చేయించే రిలేల సెట్టింగులూ తెలిసినవాళ్లు తక్కువ. ఖరీదైన సర్టిఫికెట్లకు ఇప్పుడే తొందరపడొద్దు. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి: అనుమతి లేకుండా ఇంకొకరి సిస్టమ్‌లో వేలు పెట్టకూడదు, సరదాకైనా సరే. చాలా దేశాల్లో అది నేరం. పైగా ఇలాంటి ఉద్యోగాలకు ముందు గతమంతా తవ్వుతారు.

మీకూ ఒక మాట. రాత్రి షిఫ్టులుంటాయి. ఈ రోజు ఆఫీసులో ఏం జరిగిందమ్మా అంటే జవాబు రాకపోవచ్చు, నొచ్చుకోకండి.

ఈ సెలవుల్లో కాలేజీ ద్వారా అనుమతి తీసుకుని ఒక సబ్‌స్టేషన్ చూసి రమ్మనండి. రిలేలు, మీటర్లు ఏ నెట్‌వర్క్‌తో ఎక్కడ కలుస్తున్నాయో అక్కడి ఇంజినీరును అడిగి తెలుసుకోమనండి. కాగితం మీద గీసుకుంటే మాత్రం, ఆ కాగితం అక్కడే ఇచ్చి రమ్మనండి.