లాన్‌లో తెగుళ్లను అణిచే కంపోస్టు ఇంట్లో చేసుకోవచ్చా, ఎన్ని రోజులు పడుతుంది?

చేసుకోవచ్చండీ, నేను చేస్తున్నాను. కానీ "ఎన్ని రోజులు" అన్న తొందరే కంపోస్టును చెడగొడుతుంది.

మొదటిసారి నేనూ తొందరపడ్డాను. కోసిన గడ్డి, ఎండుటాకులు, పేడ కలిపి కుప్ప వేస్తే మూడో రోజుకే లోపల చెయ్యి పెట్టలేనంత వేడి. థర్మామీటరు గుచ్చితే 62 డిగ్రీలు! ఆరు వారాలకు నల్లబడింది కదా అని, ఇంకా గోరువెచ్చగా ఉండగానే రెండు వేళ్ల మందాన పరిచేశాను. తర్వాత ఉక్కపోతగా ఉన్న ఒక రాత్రి గడిచి తెల్లారేసరికి, గడ్డి నూనెలో ముంచి తీసినట్టు జిడ్డుగా, నల్లగా నేలకు అంటుకుపోయి ఉంది. అంచుల్లో దూదిలాంటి బూజు. పిథియం అనే బూజు తెచ్చే తెగులు. ఆ పచ్చిక చూసి నిజంగా ఏడుపొచ్చింది.

55 డిగ్రీలు దాటిన వేడికి తెగులు శిలీంధ్రాలతో పాటు మేలు చేసేవీ చాలావరకు చస్తాయి. ట్రైకోడెర్మా అనే మేలు శిలీంధ్రం, సూడోమోనాస్ అనే మేలు బ్యాక్టీరియా లాంటివి కుప్ప చల్లారాకే మళ్లీ చేరతాయి. పైగా సగం చివికిన దాంట్లో చక్కెరలు మిగిలుంటాయి. పిథియానికి అదే మేత. తేలిగ్గా తిండి దొరికినంత కాలం ట్రైకోడెర్మా కూడా రైజోక్టోనియా అనే తెగులు శిలీంధ్రం జోలికి పోదు.

అందుకే ఇప్పుడు చల్లారాక కనీసం నాలుగు నెలలు మాగనిస్తాను. మధ్యలో ఎండనివ్వను. పిడికిట్లో పిండితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. ఎండి దుమ్ము లేచే కుప్పలో పనికిరాని బూజులే చేరతాయి. తర్వాత సన్నగా జల్లించి, అర సెంటీమీటరు మించకుండా చల్లి, గడ్డి కొసలు పైకి కనిపించేదాకా చీపురుతో కిందికి దులుపుతాను. మూడేళ్లయింది, లాన్‌కి మందు కొట్టి.

ఒకసారి బస్తా కొన్నాను కూడా. మూతి విప్పగానే అమ్మోనియా ఘాటుకు కళ్లు మండాయి. దానిమీద "పూర్తిగా మాగినది" అని అచ్చువేశారు! ఇంకొందరు కంపోస్టు చల్లిన వారానికే శిలీంధ్రనాశిని కొడతారు. నెలల తరబడి పెంచిన ట్రైకోడెర్మాను చేతులారా చంపుకోవడమే కదా అది?

మీ కుప్ప ఇంకా వెచ్చగా ఉంటే ఈసారికి లాన్ మీద వెయ్యకండి. గుప్పెడు తీసి తడిపి, కవర్లో బిగించి వారం తర్వాత వాసన చూడండి. పుల్లగా వచ్చిందంటే ఇంకా మాగాలి. నా ఇప్పటి కుప్ప మొన్ననే ఆ పరీక్షలో తప్పింది, మళ్లీ తిరగేసి గోనెపట్టా కప్పాను.