ఇంటర్‌లో 970 మార్కులు, జీఆర్‌ఈ గణితంలో 155: లోపం ఎక్కడ?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా అమ్మాయికి ఇంటర్ ఎంపీసీలో 970 మార్కులు వచ్చాయి. ఇప్పుడు కాకినాడలో బీటెక్ చివరి సంవత్సరం చదువుతోంది. విదేశాల్లో పైచదువుల కోసం రాసే జీఆర్‌ఈ నమూనా పరీక్షల్లో గణిత విభాగం స్కోరు 155 దాటడం లేదు. రెండు నెలలు హైదరాబాద్ పంపి కోచింగ్ ఇప్పించమంటారా?

జవాబు: అయ్యా, ఇప్పుడే పంపవద్దని నా అభిప్రాయం. 130 నుంచి 170 వరకు స్కోరు ఇచ్చే ఈ విభాగంలో త్రికోణమితి లేదు, కలనగణితం లేదు. ఉన్నదంతా అంకగణితం, బీజగణితం, రేఖాగణితం, దత్తాంశ విశ్లేషణ. అంటే ఇంచుమించు పదో తరగతి దాకా చదివినదే. మన గోదావరి జిల్లాల పిల్లలు ఇంటర్ రెండేళ్లూ సూత్రం గుర్తుకు రాగానే లెక్క చేసేయడానికి అలవాటు పడతారు. ఎంసెట్‌లో (ఇప్పటి పేరు ఈఏపీసెట్) 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు రాయాలి కనుక అక్కడ ఆ వేగం పనికొచ్చింది. ఇక్కడ అదే దెబ్బ తీస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. ఎక్స్ సున్నా కంటే పెద్దదని చెప్పి, ఎక్స్, ఎక్స్ వర్గం, ఈ రెండింటిలో ఏది పెద్దదని అడుగుతారు. వర్గమే పెద్దదని చాలామంది వెంటనే గుర్తు పెట్టేస్తారు. కానీ ఎక్స్ విలువ అర అయితే వర్గం పావు మాత్రమే, ఒకటి అయితే రెండూ సమానం. కాబట్టి ఇచ్చిన సమాచారంతో తేల్చలేమన్నదే సరైన జవాబు. అలాగే ఎకరా దిగుబడి 40 బస్తాల నుంచి 50కి పెరిగితే పెరుగుదల 25 శాతం, తిరిగి 40కి పడిపోతే తగ్గుదల 20 శాతమే. ఇది మీకు పొలం గట్టు మీద తెలిసిన లెక్కే అయినా, ప్రశ్నను తొందరగా చదివిన అమ్మాయి రెండు చోట్లా 25 అని రాస్తుంది.

2023 సెప్టెంబరు నుంచి ఈ విభాగం రెండు భాగాలుగా ఉంటోంది: మొదట 21 నిమిషాల్లో 12 ప్రశ్నలు, తరువాత 26 నిమిషాల్లో 15. మొదటి భాగం ఎలా రాశారన్న దాన్ని బట్టి రెండో భాగం కాఠిన్యం మారుతుంది కనుక తొలి 12 ప్రశ్నల్లో అజాగ్రత్త చాలా ఖరీదైనది. ఒక్కో ప్రశ్నకు దాదాపు నిముషం ముప్పావు దొరుకుతుంది. అందులో మొదటి ఇరవై సెకన్లూ కలం ముట్టకుండా చదవడానికే కేటాయించమనండి. తప్పుకు మార్కు కోయరు కనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు.

ఆమె చేయవలసిన ముఖ్యమైన పని ఒకటుంది. తప్పిన ప్రతి లెక్కనూ ఒక నోటు పుస్తకంలో ఎక్కించి, దాని పక్కనే కారణం రాయాలి: సున్నాను మరిచానా, రుణసంఖ్యను మరిచానా, బొమ్మ కొలతలను కంటితో నమ్మానా, అడిగినది ఒకటైతే కనిపెట్టినది వేరొకటా? కోచింగ్‌లో వందమంది మధ్య ఈ పని ఆమె కోసం ఎవరూ చేయలేరు.

పరీక్ష నిర్వహించే ఈటీఎస్ సంస్థ పవర్‌ప్రెప్ పేరుతో రెండు నమూనా పరీక్షలు ఉచితంగా ఇస్తోంది. ఒకటి ఇప్పుడు, రెండోది ఆరు వారాల తరువాత రాయించండి. అప్పటికీ స్కోరు కదలకపోతే, ఆ నోటు పుస్తకంలోని కారణాలను నాకు రాసి పంపండి. ఏ పాఠానికి ఎవరి సాయం కావాలో చూసి, కోచింగ్ సంగతి అప్పుడు నిర్ణయిద్దాం.